ఎన్‌ఐటీటీటీ: పాఠాలు మంచివే, చిక్కంతా మెంటార్ దగ్గరే

ఎన్‌ఐటీటీటీ అంటే ఇంజనీరింగ్ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్ల కోసం సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ పెట్టిన శిక్షణ. మూడు అంచెలు: కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' మీద 8 మాడ్యూళ్లు (పాఠ్య విభాగాలు), పరిశ్రమలో శిక్షణ, మెంటార్ వెంట ఉండి నేర్చుకోవడం.

మాడ్యూళ్లకు 5కి 4 ఇవ్వొచ్చు. నాలుగోది (పాఠం ప్లాన్ చేసుకోవడం, చెప్పడం), ఆరోది (పరీక్షలు, మూల్యాంకనం) మాత్రం పైపైన చూసి వదలకండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్లో ఇంటర్నల్స్‌కు 40 మార్కులు, సెమిస్టర్ పరీక్షకు 60. మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష) పేపర్‌లో ప్రతి ప్రశ్నకూ కోర్సు అవుట్‌కమ్ (కోర్సు వల్ల విద్యార్థికి రావాల్సిన నైపుణ్యం), బ్లూమ్స్ స్థాయి (గుర్తుంచుకోవడం నుంచి పైకి వెళ్లే ఆలోచనా మెట్టు) వేయాలి. కొత్తవాళ్లు ముందు ప్రశ్న రాసేసి, తర్వాత పక్కన ఎల్3 (అన్వయం) అనో ఎల్4 (విశ్లేషణ) అనో అతికిస్తారు. ఉత్త 'నిర్వచించండి' ప్రశ్న విశ్లేషణ స్థాయిలో కనిపించేది అందుకే. ఆరో మాడ్యూల్ ఈ తప్పును బాగా దిద్దుతుంది. పాలనా పద్ధతుల మీద ఉన్న ఎనిమిదోది మొదటి ఏడాదిలో పెద్దగా అక్కరకు రాదు.

మెంటార్‌ను ఇవ్వాల్సింది మీ కాలేజీయే. ఇక్కడే బండి ఆగుతుంది. మన దగ్గర మెంటార్ అంటే విద్యార్థుల డైరీలు చూసే మాస్టారు, కోచింగ్ అంటే హైదరాబాద్‌లో పోటీ పరీక్షల శిక్షణకు పేరున్న అశోక్‌నగర్. అధ్యాపకులకూ ఈ రెండూ కావాలన్న సంగతి చాలామందికి తట్టదు. మెంటార్ తన అనుభవంలోంచి దారి చెప్తారు. కోచ్ ప్రశ్నలు వేసి మన చేతే దారి వెతికిస్తారు: లక్ష్యం ఏమిటి, ఇప్పుడెక్కడున్నారు, ఏ మార్గాలున్నాయి, ఏం చేస్తారు. మొదటి సెమిస్టర్‌లో కావాల్సింది మెంటారే. అటెండెన్స్ ఎక్కడ ఎక్కించాలో తెలియని మనిషిని 'మీ లక్ష్యమేంటి' అని అడిగి లాభం లేదు.

హెచ్‌ఓడీని (డిపార్ట్‌మెంట్ అధిపతిని) మెంటార్‌గా వేయకూడదు. ఇంక్రిమెంటుకు రిపోర్టు రాసే మనిషి ముందు 'సర్, ఈ యూనిట్ నాకు సరిగ్గా రాదు' అని ఎవరూ అనరు. అదే డిపార్ట్‌మెంట్‌లో రిపోర్టుతో సంబంధం లేని సీనియర్ కావాలి. ఒక్కో మెంటార్‌కు ఇద్దరు కొత్త లెక్చరర్లను మించి అప్పగించొద్దు.

పదిహేను రోజులకోసారి 40 నిమిషాలు కూర్చోవాలి. సెమిస్టర్‌కు మూడుసార్లు క్లాస్ చూడాలి, మిడ్స్ వారం మినహా. ఏం గమనించాలో కొత్త లెక్చరరే ముందుగా చెప్పాలి. మెంటార్ చివరి బెంచీలో 20 నిమిషాలు కూర్చుని మార్కులు వేయకుండా జరిగింది జరిగినట్టు రాసుకోవాలి: ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లు ఆగారు, జవాబు ఎవరు చెప్పారు, బోర్డు మీది అక్షరాలు వెనక్కి కనిపించాయా. చాలామంది ఒక్క సెకను ఆగి తామే జవాబు చెప్పేస్తారు. మూడు సెకన్లు ఆగితే నోరు విప్పేవాళ్లు పెరుగుతారు. ఆ కాగితం అదే రోజు సాయంత్రంలోగా చేతికివ్వాలి, ఫైల్లో పెట్టకూడదు.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వారానికి బోధన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 16 గంటలు, ప్రొఫెసర్‌కు 14. మెంటార్‌కు అందులో ఒక గంట తగ్గించకపోతే, సమావేశాలు మూడో వారానికే ఆగిపోయి, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చే ముందు ఒక్క పూటలో రిజిస్టర్ నిండుతుంది.

డిగ్రీ కాలేజీల వారికి ఎన్‌ఐటీటీటీ కాదు. ఉస్మానియా, హెచ్‌సీయూ, మనూ (ఉర్దూ విశ్వవిద్యాలయం), జేఎన్‌టీయూల్లో అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే మాలవీయ మిషన్ కేంద్రాలు (పాత అకడమిక్ స్టాఫ్ కాలేజీలే) చూసుకోండి. అక్కడి ఇండక్షన్ ప్రోగ్రామ్‌లో చేరినా మీ కాలేజీలో మెంటార్ విడిగా ఉండాల్సిందే. పేరు నమోదు చేసుకునే ముందు ప్రిన్సిపాల్‌ను మెంటార్ ఎవరని అడిగి, ఆ మెంటార్ టైమ్‌టేబుల్‌లో ఈ పనికి ఆ గంట కేటాయించారో లేదో చూడండి.