అరకులో ఒక బొగ్గుల షెడ్డు, అనంతగిరి దారిలో ఇంకొకటి

అరకు నుంచి వచ్చి వారం దాటినా ఆ రిసార్టు మీద నాకు కోపం చల్లారలేదు. గదికి 4,200 తీసుకున్నారని కాదు. మా ప్రాణాల మీదకు తెచ్చే షెడ్డులో కూర్చోబెట్టి, దానికి విడిగా 1,500 వసూలు చేశారని.

మా బావమరిది అనకాపల్లిలో ఇల్లు కట్టుకుంటున్నాడు. డాబా మీద కప్పు వేసి, బొగ్గుల మీద కోడి, చేప కాల్చుకునే వంటిల్లు పెట్టాలని వాడి కోరిక. అందుకే బార్బెక్యూ షెడ్డు ఉన్న బస వెతికి మరీ బుక్ చేశాడు. విశాఖ నుంచి కిరండూల్ రైలు, సొరంగాలు, బొర్రా గుహలు అన్నీ హాయిగా గడిచాయి. పిల్లలు కిటికీ వదిలితే ఒట్టు.

చీకటి పడ్డాక షెడ్డులోకి వెళ్లాం. రేకు చెయ్యెత్తితే తగిలేటంత కిందకి ఉంది. డిసెంబరు చలి కదా, గాలి రాకుండా నాలుగు పక్కలా టార్పాలిన్ పట్టాలు దించి కట్టేశారు. లోపలికి దారి ఒక మూల మాత్రమే. మధ్యలో సగానికి కోసిన డ్రమ్ము, పైన ఇనుప జాలీ. రెండు కిలోల బొగ్గులకు 300 అదనం, అవీ చెమ్మగిల్లి ఉన్నాయి. అంటుకోకపోతే కుర్రాడు కిరోసిన్ చల్లాడు. మసాలా పట్టించిన కోడి అంతా ఆ వాసనే. పిల్లల కళ్లు ఎర్రబడ్డాయి. కాసేపటికి పొగ తగ్గి నిప్పులు ఎర్రగా కణకణలాడాయి. ఇక బాగానే ఉంటుందనుకుంటుండగా మా ఆవిడ తల పగిలిపోతోందని, వాంతి వచ్చేలా ఉందని లేచింది. వెంటనే అందరం బయటికి వచ్చేశాం. చల్లగాలిలో కూర్చున్నాక ఆమె కాస్త తేరుకుంది.

పట్టాలు తీయించమని అడిగితే మేనేజర్ అన్న మాట వినండి. "చలికి గెస్టులు ఊరుకోరు సార్. మిగిలిన నిప్పులు కుంపట్లో వేసి మీ గదికి పంపిస్తా, వెచ్చగా పడుకోండి." మా బావమరిది మామూలుగా నెమ్మదస్తుడు. ఆ రాత్రి మాత్రం వాడి గొంతు కాంపౌండంతా వినపడింది. మండే బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగుండదు, వాసనుండదు. పొగ తగ్గినంత మాత్రాన అది పోయినట్టు కాదు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే నిద్రలోనే ప్రాణం పోవచ్చు. అతిథులకు బొగ్గులు అమ్మే మనిషికి ఈ సంగతి తెలియకపోవడం ఏమిటి? ఎంత గొడవ పడ్డా తిరిగి ఇచ్చింది 500.

మర్నాడు కారులో ఘాట్ దిగుతూ అనంతగిరి దగ్గర బొంగులో చికెన్ కోసం ఆగాం. బావమరిదికి అసలైన షెడ్డు అక్కడ దొరికింది. కప్పు రెండు వాలుల్లో ఉంది, ఒక వాలు రెండోదాని కంటే అడుగు ఎత్తులో. ఆ సందులోంచి పొగ పైకి పోతోంది. నిప్పుల మీద తాటాకు కాదు, రేకు. దడి ఒక్క పడమటి పక్కే. "వానగాలి అటేపు నుంచే కొడతాది బాబూ, మిగతావి మూసేస్తే మేమే ఉండలేం" అంది ఆ అమ్మ. పచ్చి బొంగులు నిప్పుల మీద తిప్పుతూ ఆమె మాట్లాడుతుంటే ఒక్కరి కంట కూడా నీరు రాలేదు. నూనె చుక్క లేకుండా ఉడికిన ముక్కలు అడ్డాకులో పెట్టి ఇచ్చింది. అందరికీ కలిపి 900. రాత్రి పస్తున్న పిల్లలు మారు అడిగి తిన్నారు. మా ఆవిడ ముఖంలో నవ్వు కనపడింది కూడా అప్పుడే.

దారి పొడుగునా వాడూ నేనూ డాబా ప్లానే మాట్లాడుకున్నాం. కప్పు పది అడుగులకు తగ్గకూడదు. కనీసం రెండు ఎదురెదురు పక్కలు ఎప్పుడూ తెరిచే ఉండాలి, పట్టాల మాటే వద్దు. పొయ్యి మీద పొగగూడు పెడితే అది పొయ్యి కంటే అన్ని పక్కలా అరడుగు వెడల్పు ఉండాలి, గొట్టం కప్పు దాటి పైకి పోవాలి. నిప్పులు నేరుగా కాంక్రీటు మీద పడితే పగుళ్లిస్తుంది కాబట్టి ఫైర్ బ్రిక్ పరిచి, స్లాబుకీ దానికీ మధ్య గాలి ఆడే ఖాళీ వదలాలి. జాలీ ఎత్తు మార్చుకునేలా ఉండాలి. ఒక సగంలో నిప్పులు, రెండో సగం ఖాళీ. కొవ్వు కారి మంట లేస్తే ముక్కల్ని పక్కకు జరపడానికి చోటు కావాలి. బూడిదకు మూత ఉన్న ఇనుప డబ్బా తప్పనిసరి, మర్నాటికి కూడా లోపల నిప్పు బతికే ఉంటుంది. లైటు వండేవాడి వెనక పెడితే వాడి నీడే ముక్కల మీద పడుతుంది, పక్క నుంచి వెలుగు రావాలి. పొగగూడుకు స్టీలే వేయాలని వాడు, మామూలు రేకు చాలని నేను; ఆ వాదన ఇంకా తేలలేదు.

అరకులో ఇలాంటి బస చూసుకునేవాళ్లు షెడ్డు ఫోటో రాత్రిపూట, పట్టాలు దించి ఉన్నప్పుడు తీసి పంపమని అడగండి. పంపకపోతే ఆ 1,500 అనంతగిరి దారిలో ఖర్చు పెట్టుకోండి.