పాత సెయిల్‌బోట్ కొంటున్నారా? పగటి ట్రయల్ చూసి మోసపోకండి

సెకండ్ హ్యాండ్ సెయిల్‌బోట్ కోసం వెతుకుతున్నవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. నీళ్ళు కదలకుండా ఉన్న రోజున, ఎండలో గంటసేపు తిప్పి చూపిస్తే మేం మురిసిపోయి కొనేశాం. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. బ్యాటరీ 12.7 వోల్టులు చూపించింది. అప్పటిదాకా దాన్ని జెట్టీ మీద కరెంటుకు తగిలించే ఉంచారన్న సంగతి మాకు తట్టలేదు. ఛార్జర్ తీసిన కాసేపటిదాకా అరిగిపోయిన బ్యాటరీ కూడా నిండుగానే కనిపిస్తుంది.

మా మొదటి రాత్రి ప్రయాణం తీరం వెంబడే. దీపాలు, ఆటోపైలట్, ఫ్రిజ్ అన్నీ నడుస్తున్నాయి. అర్ధరాత్రి దాటేసరికి వోల్టేజి 11.4కి పడిపోయింది. ఛార్జింగ్ కోసం ఇంజన్ వేశాం. అప్పటికే అలలు లేచి పడవ బాగా ఊగుతోంది. ఇంజన్ ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోయింది. డీజిల్ ఫిల్టర్ గిన్నె విప్పితే నిండా నల్లటి జిగురు, గుడ్డతో ఎంత తుడిచినా వేళ్ళు వదల్లేదు. ట్యాంకు అడుగున చేరిన నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి కట్టే మడ్డి అది. పడవ కుదురుగా ఉన్నన్నాళ్ళు అడుగునే పడి ఉంటుంది, ఊగితే లేచి పైపులోకి వస్తుంది. ఫిల్టర్ మార్చి, లైన్లో గాలి తీసి మళ్ళీ వేశాం. మళ్ళీ ఆగింది. ఆ తర్వాత స్టార్టర్ తిరగనే లేదు. స్టార్టర్‌కు వేరే బ్యాటరీ ఉండాలి, ఇందులో అన్నీ ఒకదానికే కలిపేశారు.

తెరచాప కొయ్య చివరి దీపం మసకబారి ఆరిపోయింది. ఇంతలో ఎదురుగా ఒక ఓడ, దాని ఎడమ పక్కనుండే ఎర్ర దీపం, కుడి పక్కనుండే పచ్చ దీపం రెండూ కనిపిస్తున్నాయి. అంటే నేరుగా మా మీదికే వస్తోంది. మా ఆవిడ టార్చి వెలుగు తెరచాప మీద పడేలా పట్టుకుని నిలబడింది. నేను చేతి వీహెచ్ఎఫ్ రేడియోలో, ఆపదలో పిలిచే 16వ ఛానల్ మీద పిలుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి పచ్చ దీపం మాయమై ఎర్రది ఒక్కటే మిగిలింది. ఓడ కుడికి తిరిగింది. అప్పటికి గానీ మా ప్రాణం కుదుటపడలేదు. ఇంజన్ లేకుండా చీకట్లో రేవులోకి దూరే సాహసం చేయలేదు. తీరానికి దూరంగా జరిగి, తెల్లారేదాకా తెరచాప మీదే గడిపాం.

కాబట్టి ట్యాంకు మూత తెరిపించి, టార్చి వేసి అడుగు చూడండి. అట్టడుగు నుంచి డీజిల్ గాజు సీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచితే నీళ్ళు కిందికి దిగిపోతాయి. ఛార్జర్ ముందురోజే తీసేయించి, మర్నాడు బ్యాటరీ చూడండి. తర్వాత దీపాలన్నీ వేసి కొన్ని గంటలు నడిపించండి. ట్రయల్‌కు కాస్త అలలున్న రోజే అడగండి. పడవను నిపుణుడు పరీక్షించి ఇచ్చిన సర్వే రిపోర్టు ఉంది కదా అని ఊరుకోవద్దు, మాదాంట్లో ‘ట్యాంకులు తెరవలేదు’ అని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది.

అమ్మినాయన అబద్ధమాడాడని నేననను, ఆయన ఎప్పుడూ పగలే తిప్పేవాడట. కానీ మూత తీయమన్నప్పుడు ‘బోల్టులు పట్టేశాయి, రావు’ అన్నాడు. మేం అక్కడే ఆగిపోవాల్సింది.