అమెరికా పోయే పిల్లలకు సేఫ్టీ క్లాస్, నల్గొండ (3/5)

మా తమ్మునికి వీసా వచ్చినంక నల్గొండల ఒక కన్సల్టెన్సీ వాళ్లు పెట్టిన ప్రీ డిపార్చర్ సెషన్‌కు ఇద్దరం పోయినం. సగం టైం లోన్, ఫారెక్స్ కార్డు, సిమ్ము ముచ్చట్లే, అవి యూట్యూబ్‌ల గూడ దొరుకుతయ్. కానీ లాస్ట్‌కు షికాగోల చదివొచ్చిన ఒకన్న మాట్లాడిండు చూడు, దానికోసమే పోవాలె.

ఎవడన్న గన్ను చూపిస్తే హీరోలెక్క చెయ్యకు తమ్మీ, ఫోన్, పర్సు ఇచ్చెయ్, చేతులు కనపడేటట్టు పెట్టు, జేబుల చెయ్యి పెడితే నువ్వే గన్ను తీస్తున్నవనుకుంటడు అని నిలబడి చేసి మరీ చూపిచ్చిండు. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద చదువు నడిచేటప్పుడు క్యాంపస్‌ల వారానికి 20 గంటలే పని చెయ్యొచ్చు, బయట గ్యాస్ స్టేషన్‌ల రాత్రిపూట క్యాష్‌కు రూల్ తప్పి చేస్తే దొంగలు పడ్డా 911కు (అక్కడి ఎమర్జెన్సీ నంబర్) ఫోన్ కొట్టనీకి భయపడతరు అన్నడు, గది మాత్రం మస్తు ఆలోచించాల్సిన మాట. కన్సల్టెన్సీ సార్ మైక్ గుంజుకున్నడు అనుకోండ్రి, వాళ్ల బిజినెస్ వాళ్లది!

మదద్ పోర్టల్‌ల (బయటి దేశాలల్ల ఉన్న మనోళ్లకు సాయం కోసం మన విదేశాంగ శాఖ పెట్టిన వెబ్‌సైట్) స్టూడెంట్ రిజిస్ట్రేషన్ గురించి ఒక్క ముక్క చెప్పలే, మేమే అడిగినం. ఏసీ లేదు. ఫ్రీనే గాబట్టి పోండ్రి, అమ్మను మాత్రం తీస్కపోకుండ్రి, గన్ను ముచ్చట విని టికెట్ క్యాన్సిల్ చెయ్యమంటది.