యూరియా ఒక్కటే చల్లాలా, పొటాష్ కూడా వేయాలా?

మిర్యాలగూడ వైపు వరికి యూరియా చల్లితే వారం తిరక్కుండానే చేను నిగనిగలాడుతుంది. పొటాష్ వేస్తే కంటికి అలాంటి మార్పేమీ కనిపించదు. అందుకే చేతిలో డబ్బులు ఆడనప్పుడు మొదట ఆగిపోయేది పొటాష్ బస్తానే.

యూరియాలో నత్రజని 46 శాతం. ఆకు, పిలక దాని చలవే. కానీ తీసుకున్న నత్రజనిని మొక్క మాంసకృత్తులుగా మార్చుకోవాలంటే పొటాష్‌లో ఉండే పొటాషియం కావాలి. అది చాలకపోతే నత్రజని ఆకురసంలోనే పేరుకుంటుంది. ఇక రసం పీల్చే సుడిదోమకు పండగే. కాండం మెత్తబడి, ఈదురుగాలికి చేను పడిపోతుంది కూడా. పత్తి లాంటి మెట్ట పంటల్లో వేరు నుంచి ఆకుకు నత్రజని నైట్రేటు రూపంలో వెళ్లేటప్పుడు తోడుగా వెళ్లేది ఎక్కువగా పొటాషియమే.

ముదురు ఆకు ఒకటి తెంపి చూడండి. ఆకంతా ఒకేలా పాలిపోతే నత్రజని కొరత. కొనా అంచులూ ఎండి, మధ్యలో పచ్చగా ఉంటే పొటాష్ కొరత.

అలాగని యూరియా ఒక్కటే వేసేవాళ్లంతా తప్పని అనను. పొటాష్ బాగా ఉన్న రేగడిలో, గడ్డిని పొలంలోనే కలియదున్నితే కొన్నాళ్లు నడుస్తుంది. వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది మరి. గడ్డి కట్టలు కట్టించి అమ్మేసేవాళ్లకు ఆ లెక్క కుదరదు. మహబూబ్‌నగర్ వైపు ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రచల్కల్లోనైతే నా ఓటు రెండూ కలిపి వేయడానికే. అక్కడ పొటాష్ నిలవదు కాబట్టి సగం ఆఖరి దమ్ములో, సగం అంకురం దశలో, అంటే పిలకలో వెన్ను మొదలయ్యేటప్పుడు, యూరియాతో పాటు వేయాలి.