గుప్తేశ్వర్: గుడికి వెళ్లి కొండ చూసొచ్చాం

ఒడిశాలో గుప్తేశ్వర్ అని, కొండ గుహలో ఉన్న శివుడి గుడి. అది చూద్దామని సాలూరులో బయల్దేరి, సుంకి ఘాట్ ఎక్కి, కోరాపుట్ మీదుగా జయపురం చేరాం. జయపురంలో ఒడియా రాకపోయినా ఇబ్బంది లేదు, బజారులో తెలుగుతోనే పని జరిగిపోయింది. లాడ్జి మాత్రం దండగ. ఫొటోల్లో చూపించిన గది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. వేడినీళ్లకు రెండుసార్లు కిందకి దిగాల్సి వచ్చింది. గది చూశాకే డబ్బు కట్టండి.

అక్కడి నుంచి గుప్తేశ్వర్ సుమారు 60 కిలోమీటర్లు, బొయిపరిగుడ, రామగిరి మీదుగా. బస్సుల కోసం చూడకుండా కారు మాట్లాడుకోవడమే నయం. రామగిరి దాటాక అంతా అడవి. "ఫోను పలకదు మేడమ్, ఇంటికి ఇప్పుడే చెప్పేయండి" అన్నాడు తెలుగు డ్రైవరు.

ఘాట్ రోడ్డులో కనిపించిన ఎర్రటి ముతక రాయి గుప్తేశ్వర్ కొండలో లేదు. బూడిదరంగు సున్నపురాయి, పొరలు పొరలుగా, వాన కోసిన గాడులతో ముసలి ఏనుగు చర్మంలా ఉంటుంది. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువు పట్టుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ నీరే పగుళ్లలోకి దిగి రాయిని కరిగించుకుంటూ పోతే గుహ అవుతుంది. కరిగిన సున్నం చుక్కచుక్కగా పడి మళ్లీ రాయి కడుతుంది. లోపలి లింగం పెరుగుతోందని భక్తుల నమ్మకం. సున్నపురాయి గుహలో అది మరీ వింతేం కాదు, కాకపోతే మన ఆయుష్షులో కంటికి ఆనేంత పెరగదు.

మా అబ్బాయి మెట్ల దగ్గర దొరికిన రాతిముక్కని గీకి, ఆ పొడి మీద నిమ్మకాయ పిండాడు. సన్నగా బుడగలు లేచాయి. పూజకని తెచ్చిన నిమ్మకాయ అది, వాడికి చీవాట్లు పడ్డాయి.

బొర్రా గుహలతో పోల్చకండి. అక్కడ రంగుల లైట్లు, ఎత్తైన కప్పు, జనం. ఇక్కడ గుహ చిన్నది, తడి, నేల జారుతుంది. అయినా నాకు ఇదే నచ్చింది, నిలబడి రాయి చూడనిచ్చారు. శివరాత్రికీ శ్రావణంలోనూ జనం విపరీతం, అప్పుడు మాత్రం వద్దు. తినడానికి ఏమైనా జయపురంలోనే కట్టించుకోండి.

దిగొచ్చి కొలాబు నది ఒడ్డున కూర్చున్నాం. మా అత్తది శబరి నది గోదావరిలో కలిసే కూనవరం వైపు. "ఇది మన శబరే కదే!" అని కాళ్లు నీళ్లలో పెట్టి, డ్రైవరు హారన్ కొట్టేదాకా లేవలేదు.