9900 అని రాసున్న బ్యాటరీ సెల్లు కొనేముందు త్రాసులో పెట్టి చూడండి

బెజవాడలో సొంతంగా లైట్లు చేసుకునేవాళ్ళు, ముఖ్యంగా మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేసుకునే 18650 రకం లిథియం సెల్లు విడిగా కొనేవాళ్ళు ఇది చదవండి. నాకు 480 రూపాయలు పోయాయి. అవి పోతే పోయాయి, ఇల్లు అంటుకోలేదు, అదే పదివేలు.

మాది మొగల్రాజపురం కొండ మీద ఇల్లు. మెట్ల మలుపు దగ్గర వీధిలైటు లేదు, అమ్మకి రాత్రిపూట మెట్టు ఆనదు. మనిషి అలికిడికి వెలిగి, అర నిమిషంలో ఆరిపోయే ఎల్‌ఈడీ లైట్లు నాలుగు చేద్దామని గవర్నర్‌పేటలో ఒక కొట్టులో సామాను తీసుకున్నా. ఒంటి వేడిని బట్టి మనిషి అలికిడి పట్టే ఏఎం312 సెన్సర్లు, టీపీ4056 ఛార్జింగ్ బోర్డులు, లైటుకొకటి చొప్పున నాలుగు సెల్లు. సెల్లు ఒక్కోటి 120. మీద 9900 ఎంఏహెచ్ (సెల్లు ఎంత ఛార్జ్ పట్టేదీ చెప్పే లెక్క) అని మెరిసే అక్షరాలు.

ఎల్‌ఈడీకి 300 మిల్లీ ఆంపియర్లు, రోజుకి నలభై సార్లు వెలిగినా మొత్తం 20 నిమిషాలు. అంటే రోజుకి 100 ఎంఏహెచ్. సెన్సర్ తాగేది లెక్కలోకే రాదు. మూడు నెలలు ఢోకా లేదనుకున్నా. ఎనిమిదో రోజు రాత్రి మెట్ల కింద నుంచి అమ్మ ఫోను: "నీ లైటు చచ్చిందిరా, టార్చి పట్టుకుని దిగు."

యూఎస్‌బీ మీటరు పెట్టి ఖాళీ సెల్లుని నిండా ఛార్జ్ చేశా. ఎక్కింది 780. నమ్మలేక వన్‌టౌన్‌లో బంగారం పని చేసే మా బావమరిది త్రాసులో పెట్టించా: 31 గ్రాములు. మంచి 18650 అయితే 45 గ్రాముల చుట్టుపక్కల తూగాలి. పేరున్న కంపెనీల సెల్లులే 3500 దగ్గర ఆగుతుంటే ఈ 9900 ఎక్కడి నుంచి ఊడిపడిందో! తెలిసుండీ నేనెందుకు కొన్నానంటే, చవక. తప్పు నాదీ ఉంది.

అసలు భయం ఇక్కడుంది. టీపీ4056 బోర్డు మామూలుగా ఒక ఆంపియర్‌తో ఛార్జ్ చేస్తుంది. 3000 పట్టే సెల్లుకి అది ఏమంత లెక్క కాదు. ఏడొందల ఎనభైదానికి అదే ఎక్కువ. రెండోసారి పెట్టినప్పుడు సెల్లు చెయ్యి పెట్టలేనంత కాలింది. పైగా నాకిచ్చిన బోర్డుల్లో రెండిటికి అవుట్ ప్లస్, అవుట్ మైనస్ అనే పాయింట్లే లేవు. అంటే రక్షణ చిప్పు లేని రకం. సెల్లు అడుగంటుతున్నా సరే, లైటు లాగుతూనే ఉంటుంది.

కొట్టాయన దగ్గరికెళ్తే "చైనా మాలు సార్, అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు, గ్యారంటీ ఉండదు" అన్నాడు. బిల్లు అడిగి ఉండాల్సింది.

లైట్లు పెట్టే డబ్బాల సంగతి వేరే గోల. ఎండలో ఉండేవి కాబట్టి ఏబీఎస్ ప్లాస్టిక్‌తో 3డీ ప్రింట్ చెయ్యమని ఇంకోచోట చెప్పా, సరేనన్నారు. మే ఎండకి పడమటి గోడ మీదవి వడియాల్లా వంగిపోయాయి. పీఎల్‌ఏ అనే ఇంకో రకం ప్లాస్టిక్ అయ్యుండాలి, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఏబీఎస్ అయితే వందకి దగ్గరదాకా తట్టుకుంటుంది. (వేసవిలో సెన్సర్ మనిషిని సరిగ్గా పట్టకపోతే మాత్రం అమ్మినవాణ్ణి తిట్టకండి. గాలీ మన ఒళ్ళూ ఒకే వేడి మీదుంటే దానికి తేడా తెలియదు.)

సెల్లు తూచి ఇవ్వనంటే ఆ కొట్టు దిగి వచ్చెయ్యండి. మొదటి ఛార్జింగ్ దగ్గర కూర్చుని చూడండి, రాత్రి పెట్టి పడుకోవద్దు. లోపల ఏముందో చూద్దామని సెల్లుని కొయ్యకండి, మంటలొస్తాయి. నేను రెట్టింపు పెట్టి వేరే సెల్లు తెచ్చా. 46 గ్రాములు తూగాయి, మీటరులో 2900 పైన ఎక్కింది.

ఊళ్ళో నిజంగా ఏబీఎస్‌లోనే ప్రింట్ చేసేవాళ్ళు తెలిస్తే చెప్పండి. అప్పటిదాకా అమ్మ చేతిలో టార్చే.