అమీర్‌పేటలో యానిమేషన్ కోర్సు: 5కి 3

మైత్రీవనం వెనక సందులో, టిఫిన్ సెంటర్ పైన మూడో అంతస్తు. పేరు రాయను. డిగ్రీ అయ్యాక 11 నెలలు అక్కడే ఉన్నాను.

ముందు మంచి చెబుతా. మా సార్ మొదటి నెలంతా కంప్యూటర్ ముట్టనివ్వలేదు. బంతి ఎగిరి పడటం, పిండి బస్తా నడవడం, అన్నీ పెన్సిల్‌తోనే. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపితే 12 బొమ్మలు చాలు. ఆ లెక్క చేతికి ఎక్కాకే మాయా సాఫ్ట్‌వేర్ తెరిచాం. తర్వాత ఇంటర్వ్యూలో నన్ను కాపాడింది ఆ బంతే.

ఇక 'నూటికి నూరు ప్లేస్‌మెంట్' సంగతి. ఇంటర్న్‌షిప్ అని నన్ను పంపింది పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చోటికి! స్టైపెండ్ సున్నా, చాయ్ మాత్రం ఫ్రీ. ఛోటా భీమ్ తీసిన గ్రీన్ గోల్డ్ మన ఊరిదేనని గొప్పగా చెప్పేవాళ్లు గానీ, స్టూడియోలకి షోరీల్ (మన పనుల నమూనా వీడియో) ఎలా పంపాలో ఒక్కరూ నేర్పలేదు. పారిస్‌లోని గోబెలిన్స్ యానిమేషన్ స్కూలు గురించి అడిగితే "అంత దూరం ఎందుకమ్మా" అన్నారు. ఫ్రాన్స్‌లో జరిగే ఆనెసీ యానిమేషన్ ఉత్సవంలో ప్రదర్శనల ముందు వేసే చిట్టి చిత్రాలు ఏళ్లుగా ఆ స్కూలు పిల్లలే చేస్తున్నారు, అందుకే అడిగాను.

ఫీజు 1,20,000. చేరితే విడతల్లోనే కట్టండి. అంతకుముందు ఇంట్లో బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక బంతి ఎగరేసి చూడండి, అది ఉచితమే.

లిఫ్ట్ లేదు.